ఎర్రదీపాల పలక – కటకాల సంగతి

మోకాళ్ల నొప్పులకు ఎర్రకాంతి పలక కొనవచ్చునా అని మా వదినగారు అడిగినారు. "కటకాలున్నవి, బలము రెట్టింపు" అన్నాడట అమ్మేవాడు. ధర విని మేము ఉలికిపడినాము. కనుక ఈ నెల ఆ సంగతే విచారింతము.

కటకము వెలుగును పుట్టించదు; ఉన్నదానిని పోగుచేయును, అంతే. ఎల్‌ఈడీ దీపపు కాంతి మామూలుగా 120 డిగ్రీల మేర చెదరిపోవును. 60 డిగ్రీల కటకము దానిని ఇరుకు చేయుటచేత దూరమున కూర్చున్నను తీక్షణత అంతగా తగ్గదు. కాని కొంత కాంతి కటకములోనే నష్టమగును. మరీ దగ్గరగా కూర్చున్నచో వెలుగు చుక్కలు చుక్కలుగా పడి, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అగును.

మోతాదు అనగా తీక్షణతను కాలముతో హెచ్చవేసినది. చదరపు సెంటీమీటరుకు 20 మిల్లీవాట్లు పడినచో 4 జౌళ్లకు 200 సెకన్లు పట్టును. 40 పడినచో 100 చాలును. కటకము మిగిల్చునది ఆ కాలమే గాని, నయమగునను హామీ కాదు.

డెన్మార్కులో నీల్స్ ఫిన్సెన్‌గారు కటకములతో కాంతిని పోగుచేసి చర్మక్షయకు చికిత్స చేసి, 1903లో నోబెల్ బహుమానము పొందిన మాట నిజమే. కాని అది ఊదావైపు కాంతి, ఎర్రది కాదు. ఆ పేరు చెప్పి ఎర్రపలక అమ్మినచో నమ్మరాదు.

వదినగారికి మూడు మాటలు చెప్పినాము: తీక్షణతను ఎంత దూరమున కొలిచినారో అడుగుడు, వెలుగుచున్న పలకవైపు కన్నార్పక చూడవద్దు, డాక్టరుగారిని అడుగక మందు మానవద్దు.

వదినగారు దూరమడిగినారు. అమ్మేవాడు జవాబు చెప్పలేదు. డబ్బు ఇంకను పెట్టెలోనే యున్నది.