ఒక సీధా, ఒక ఉల్టా

ఢిల్లీ చలికాలం అనగానే నాకు పొగమంచు కాదు, స్వెట్టరు సూదులు ఒకదానికొకటి తగిలే చప్పుడు గుర్తొస్తుంది. 1970ల చివర్లో మేము ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో ఉండేవాళ్లం. మధ్యాహ్నం ఎండ రాగానే ఆడవాళ్లంతా మంచాలు, చాపలు బయటికి లాగేవారు. ఒకరు బఠాణీలు ఒలిచేవారు, ఒకరు నారింజ తొనలు పంచేవారు. మిగతా అందరి చేతుల్లోనూ ఊలే. బస్సులో ఊలు, లంచ్ వేళ ఆఫీసు పచ్చికలో ఊలు, స్కూల్లో టీచరమ్మ ఒళ్లోనూ ఊలు. 'ఏక్ సీధా, ఏక్ ఉల్టా' అని లెక్క తప్పకుండా గొణుక్కుంటూనే, అత్తల మీదా కోడళ్ల మీదా పితూరీలు చెప్పుకోవడం వాళ్లకే చెల్లింది.

మా అమ్మకు మొదట్లో ఇదంతా వింత. ఆమెది నరసాపురం దగ్గర పల్లెటూరు. అక్కడి ఉక్కపోతలో స్వెట్టరుతో ఏం పని? కానీ కొక్కెం ఉన్న చిన్న సూదితో నూలు దారాన్ని లేసుగా అల్లడం పదేళ్ల వయసు నుంచీ వచ్చు. పక్క క్వార్టర్‌లోని బీజీకి అమ్మ హిందీ అర్థమయ్యేది కాదు. అమ్మకు బీజీ పంజాబీ అంతకన్నా అర్థమయ్యేది కాదు. అయినా ఒక్క చలికాలం తిరిగేసరికి బీజీ ఇంట్లో రేడియో మీద లేసు గుడ్డ పరుచుకుంది, నా ఒంటి మీదికి ముదురు నీలం స్వెట్టరు వచ్చింది. దానికి ఒక చెయ్యి రెండో చెయ్యి కన్నా రెండంగుళాలు పొడుగు. "మడిచి వేసుకో, ఎలాగూ పెరుగుతావుగా" అంది అమ్మ, రెండు చేతులూ సమానంగా పెరుగుతాయన్న సంగతి మర్చిపోయి.

అల్లికలో సగం సరదా అసలు అల్లడం మొదలుపెట్టకముందే ఉంటుంది. ముందు ఎవరికోసమో అనుకోవాలి. వాళ్లకు నప్పే రంగు వెతకాలి. వాళ్లకు తెలియకుండా వీపు మీద జానలు పెట్టి కొలవాలి. ఊలు చిలపను నా రెండు చేతులకూ తగిలించి, కదలొద్దని కసురుతూ అమ్మ ఉండ చుట్టేది. మెడ దగ్గర కుట్లు ఎలా తగ్గించాలో తెలియకపోతే నలుగురూ తలా ఒక సలహా ఇచ్చేవారు. పిల్లాడు ఎదిగితే ఆ స్వెట్టరును పారేసేవారు కాదు. విప్పేసి, ఊలు వంకరలు పోయేలా తడిపి ఆరేసి, చాలనిచోట ఇంకో రంగు చార కలిపి మళ్లీ అల్లేవారు. నా నీలం స్వెట్టరు మూడో ఏట ఎర్ర చారలతో చెల్లెలిదైంది. ఆ తర్వాత బీజీ మనవడి నెత్తిన టోపీ అయింది. ఆ ఊలు మాది అని మేమూ అనలేదు, వాళ్లూ అనుకోలేదు.

ఇలా అల్లి ఇవ్వడం ఇరుగుపొరుగుతో ఆగే సంగతి కాదు. 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు హిమాలయాల చలిలో ఉన్న జవాన్ల కోసం దేశమంతటా ఆడవాళ్లు స్వెట్టర్లు అల్లి పంపారు. ముక్కూ మొహం తెలియని మనిషికి కొలత ఎలా తీసుకున్నారో మరి! 2016 జనవరిలో చెన్నైలో 'మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్' అనే బృందం మహిళలు ఎవరి ఇంట్లో వాళ్లు అల్లిన ముక్కలన్నీ ఒకచోట చేర్చి, 11,148.5 చదరపు మీటర్ల దుప్పటి పరిచి గిన్నిస్ రికార్డు కొట్టారు. తర్వాత దాన్ని విడగొట్టి అవసరమైనవాళ్లకు పంచేశారు. రికార్డు కన్నా ఆ విడగొట్టడమే నాకు నచ్చింది.

ఇంతవరకూ చెప్పింది సీధా. ఉల్టా కూడా ఒకటుంది.

కిందటేడు చలికాలంలో ఢిల్లీ హాట్‌కు వెళితే ఒక స్టాల్లో నరసాపురం లేసు బల్లగుడ్డ కనిపించింది. అమ్మకని కొన్నాను. బేరమాడి మూడొందలు తగ్గించానని ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. ఎనభై దాటిన అమ్మ దాన్ని తిరగేసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వేలితో పువ్వులు లెక్కపెట్టడం మొదలెట్టింది. వందా పద్నాలుగు దాకా లెక్కపెట్టి ఆగింది.

"ఒక్కో పువ్వుకు ఎంతసేపు పడుతుందో తెలుసా నీకు?" అంది.

తెలియదు.

"ఇక్కడ ఎండలో కూచుని మీకు అల్లింది నా సరదాకి. అక్కడ మా అమ్మా నేనూ దీపం దగ్గర అల్లింది ఇల్లు గడవడానికి. దాన్నీ జనం కాలక్షేపమనే అన్నారు. ఇచ్చిన కూలీ అలాగే ఉండేది."

గోదావరి డెల్టాకు లేసు అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీలతో వచ్చింది. పువ్వులు అల్లేది ఒకరు, వాటిని అతికేది ఇంకొకరు, అమ్మేది మరొకరు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ నరసాపురం ప్రాంతంలో తిరిగి 1982లో పుస్తకం రాసింది. ప్రపంచ మార్కెట్ కోసం పనిచేస్తున్న ఆ స్త్రీలను గృహిణులుగానే లెక్కగట్టి, వాళ్ల శ్రమను తీరిక వేళ పనిగా చూడటమే కూలి అంత తక్కువగా ఉండటానికి మూలమని ఆమె తేల్చింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ గుర్తింపు లేసుకు దొరికినంత తేలిగ్గా అల్లే చేతికి దొరకదు.

మరి మూడొందలు తగ్గించిన నేను ఏం చెయ్యాలి? మర్నాడు మళ్లీ వెళ్లేసరికి ఆ స్టాల్ ఎత్తేశారు. అందుకని ఒక జత సూదులూ, బూడిద రంగు ఊలూ కొనుక్కొచ్చి అమ్మ ముందు కూచున్నాను. ఆమెకు ఇప్పుడు కుట్లు సరిగా కనిపించవు గానీ, వేళ్లతో తడిమి నా తప్పులు పట్టేస్తుంది. ఇరవై రోజులైంది. మఫ్లరు జానెడు వచ్చింది. అంచు ఒకచోట లోపలికి, ఒకచోట బయటికి. ఇది బీజీ మనవడికి. చిన్నప్పుడు టోపీ పెట్టుకున్నవాడే, ఇప్పుడు బట్టతల.

అతను దీనికి ఎంతవుతుందని అడగడు. అడిగితే చెప్పడానికి ఇప్పుడు నా దగ్గర లెక్క ఉంది. గంటకు నాలుగు వరుసలు, అందులో ఒకటి విప్పేది.