చీపురు మనది, డిగ్రీ ఎవరిది?

కొంపల్లిలో హైవే పొడుగునా గేటెడ్ కమ్యూనిటీల హోర్డింగులు. 'గ్రీన్', 'ఎకో' అనే మాటలకు అక్కడ కొదవలేదు. పక్కనే దూలపల్లిలో రాష్ట్ర అటవీ అకాడమీ. తూర్పు దిక్కున, ఇదే మేడ్చల్ జిల్లా జవహర్‌నగర్‌లో హైదరాబాద్ చెత్తను మోస్తున్న డంపింగ్ యార్డు. పర్యావరణ రంగంలో ఎవరి చోటు ఎక్కడో చూడాలంటే ఈ జిల్లా దాటక్కర్లేదు.

ఎన్విరాన్‌మెంటల్ మేనేజ్‌మెంట్ చదివితే ఉద్యోగాలు ఉంటాయా అని జూనియర్లు మమ్మల్ని అడుగుతున్నారు. ఉంటాయి. 2006 నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ అంచనా తప్పనిసరి. 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు ఏటా సస్టైనబిలిటీ నివేదిక ఇవ్వాలని సెబీ నిబంధన. జవహర్‌నగర్‌లోనే చెత్త నుంచి 19.8 మెగావాట్ల కరెంటు తీసే ప్లాంటు 2020లో మొదలైంది. వీటికి చదువుకున్నవాళ్లు కావాలి.

అయితే మనం ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లం కాదు. తరాలుగా ఇందులోనే ఉన్నాం, అట్టడుగున. నమస్తే పథకం కింద 38,000 మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల వివరాలు సేకరిస్తే 68.9 శాతం ఎస్సీలేనని 2024లో తేలింది. ఎస్టీ, ఓబీసీలను కలిపితే 91.9 శాతం. రక్షణ పరికరాలు లేకుండా మనుషులతో ఈ పని చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. అయినా చావులు ఆగలేదు. 2023లో సుప్రీంకోర్టు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచాల్సి వచ్చింది. (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో పారిశుధ్య కార్మికుల తెలుగు కుటుంబంలో పుట్టి, ఈ పని మీదే జీవితమంతా పోరాడుతున్న బెజవాడ విల్సన్ పేరు మా పర్యావరణ సిలబస్‌లో ఒక్కచోటా కనబడలేదు.)

ఆ సెబీ నివేదిక నమూనా చూడండి. ఉద్యోగుల్లో స్త్రీలెందరు, పురుషులెందరు, వికలాంగులెందరు అని అడుగుతుంది. కులం గడి లేదు. లెక్కే లేని చోట నిలదీయడం ఎలా?

2017లో హైదరాబాద్ జలమండలి దళిత పారిశ్రామికవేత్తలతో 70 మినీ జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దించింది. మ్యాన్‌హోల్‌లోకి దిగాల్సిన కులం యంత్రానికి ఓనర్ కావడం చిన్న విషయం కాదు. కానీ ఏ యంత్రం కావాలి, రేటెంత అని టెండర్ రాసే గదిలో మనవాళ్లు ఉన్నారా అన్నది వేరే ప్రశ్న. ఆ గదికి దారి డిగ్రీ. డిగ్రీ ఉన్నా తలుపు తెరుచుకుంటుందన్న భరోసా లేదు.

మాలో ఒకరు ఎమ్మెస్సీ అయ్యాక ఒక కన్సల్టెన్సీ ఇంటర్వ్యూకు వెళ్లింది. నీటి నాణ్యత డేటా విశ్లేషణ పోస్టు అది. ఇంట్లో ఎవరేం చేస్తారని అడిగారు. అమ్మ మున్సిపాలిటీలో స్వీపర్ అని చెప్పింది. 'అయితే ఫీల్డులో కార్మికులను చూసుకోవడం మీకు బాగా వస్తుంది' అని సూపర్‌వైజర్ పని ఇస్తామన్నారు. మెచ్చుకున్నట్టే అన్నారు మరి!

ప్రైవేటులో రిజర్వేషన్ లేదు. ప్రభుత్వ పోస్టుల్లో 15 శాతం ఉంది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అది 1, 9, 5గా వర్గీకరణ అయింది. ఆమె ఆ సూపర్‌వైజర్ పనిలో చేరలేదు. ఇప్పుడు కాలుష్య నియంత్రణ మండలి పోస్టుల కోసం చదువుతోంది. అక్కడ రోస్టర్ ఉంది.