వనవిహారములు - ప్రాణరక్షణము

కార్తికమాసము ప్రవేశించినంతనే మార్కాపురము, గిద్దలూరు, కంభము పట్టణముల జనులు కొండలవైపు కదలుదురు. ఉసిరిచెట్ల నీడలలో వనభోజనములు, కంభము చెరువుకట్టపై వాహ్యాళి, భైరవకోనలో జలపాతము క్రింద స్నానము, నల్లమలలో నెమలిగుండ్ల రంగనాయకస్వామి దర్శనము, ఇవి యీ మెట్టసీమవారికి ఏడాదిలో దొరకు కొద్దిపాటి వేడుకలు. నీటికై మొగమువాచిన సీమ యిది. నిండిన గుండమును చూచినచో పిల్లలకే కాదు, పెద్దలకును మనసు నిలువదు. ఈ విహారములను ఆక్షేపించుట మా యుద్దేశము గాదు. దేశమును ప్రేమింపుమని చెప్పువారు దేశములోని కొండలను, సెలయేళ్లను చూడవలదని చెప్పజాలరు. కాని వేడుకకై వెళ్లినవారు శవములై తిరిగివచ్చినప్పుడు మనము ఆడు మాటలను గూర్చి కొంత చెప్పవలసియున్నది.

ఆ మాటలు రెండే. "నూకలు చెల్లినవి" అనునది యొకటి. "వారి దుడుకుతనమే వారిని తిన్నది" అనునది రెండవది. మొదటిది నేరమును దైవముపై వేయును. రెండవది చనిపోయినవానిపై వేయును. మారుపలుకజాలని వారిద్దరి నెత్తిన బరువు పెట్టి, తక్కినవారందరు నింపాదిగా ఇండ్లకు పోవుటకు ఈ రెండు మాటలును చక్కగా పనికివచ్చుచున్నవి.

ఒంగోలు పట్టణము మరువజాలని దినమొకటి కలదు. అది 2017 నవంబరు 12వ తేదీ, ఆదివారము. కార్తికమాసపు యాత్రకై బెజవాడ వెళ్లిన ఒంగోలువారు పలువురు కృష్ణలో పవిత్రసంగమమువద్ద హారతి చూచుటకై ఒక ప్రైవేటు పడవ నెక్కిరి. ఆ పడవకు అనుమతి లేదు. ఎక్కినవారికి లైఫు జాకెట్లు లేవు. పడవ బోల్తాపడినది, ఇరువదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. లోకము పడవవానిని నిందించెను; అది న్యాయమే. కాని అనుమతి లేని పడవ జనుల నెక్కించుకొని పోవుచుండగా దానిని ఆపవలసిన వారెవరు? జాకెట్టు లేనిదే ఎక్కరాదని యాత్రికునకు తెలుపవలసిన వారెవరు? పర్వదినములలో జనసమ్మర్దము పెరుగునని ముందే యెంచి, అనుమతిగల పడవలను చాలినన్ని నిలుపవలసిన వారెవరు? ఈ ప్రశ్నలకు ఒక్క పడవవాడు సమాధానము కాజాలడు.

రెండేండ్లు గడువకముందే, 2019 సెప్టెంబరు 15న, గోదావరిలో కచ్చులూరువద్ద పాపికొండల విహారమునకు బయలుదేరిన పడవ మునిగినది. నదిలో అప్పుడు 5 లక్షల క్యూసెక్కులకు మించిన వరద కలదు. పడవలోని 77మందిలో సుమారు 50మంది తిరిగిరాలేదు. నది వేరు, పడవ వేరు, యజమాని వేరు; కాని ప్రమాదపు తీరు మాత్రము ఒక్కటే. మొదటి ప్రమాదమున దోషిని వెదకితిమే గాని, దోషమునకు తావిచ్చిన యేర్పాటును వెదకలేదు. పడవల రాకపోకలను కనిపెట్టుటకు రేవులయందు కంట్రోలు రూములు నెలకొల్పవలెనను యోచన రెండవ దుఃఖము తరువాతగాని మన ప్రభుత్వమునకు కలుగలేదు.

అంతకుముందు 2014 జూను 8న హైదరాబాదునుండి విహారయాత్రకు హిమాచలప్రదేశము వెళ్లిన ఇంజనీరింగు విద్యార్థులు 24మంది బియాస్ నదిలో కొట్టుకొనిపోయిరి. వారు నదిలోని రాళ్లపై నిలిచి ఛాయాచిత్రములు తీసికొనుచుండగా, ఎగువనున్న లార్జీ జలవిద్యుత్కేంద్రపు ఆనకట్టనుండి విడిచిన నీరు వారిపై వచ్చిపడినది. ఈ వ్యవహారములో అచ్చటి హైకోర్టు 2016లో చెప్పిన తీర్పు మనము చక్కగా ఆలోచింపదగినది. పరిహారపు భారమును న్యాయస్థానము ఒక్కరిపై వేయలేదు. విద్యుద్బోర్డు 60 పాళ్లు, కళాశాల 30 పాళ్లు, ప్రభుత్వము 10 పాళ్లు భరింపవలెనని విభజించినది. ఒక మరణమునకు కర్తలు పలువురు కావచ్చుననియు, పలువురైనంతమాత్రమున ఎవరును తప్పించుకొనజాలరనియు ఈ తీర్పు చాటుచున్నది.

పాశ్చాత్యశాస్త్రజ్ఞులును ఇదే విషయమును వేరొక మార్గమున చెప్పియున్నారు. డెన్మార్కు దేశీయుడగు యెన్స్ రాస్ముసెన్ 1997లో ప్రకటించిన వ్యాసమున, ప్రమాదమునకు మూలము పనివాని చేతిలోనే కాక, శాసనము చేయువారు మొదలు సంస్థను నడుపువారు, పర్యవేక్షకులవరకు గల శ్రేణులన్నిటను వెదకవలెననెను. ఖర్చు తగ్గింపవలెనను ఒత్తిడి, శ్రమ తగ్గించుకొనవలెనను కోరిక, ఈ రెండును అందరిని దినదినము కొంచెము కొంచెముగ అపాయపుటంచునకు నెట్టుచుండునని ఆయన మతము. ఆంగ్ల మనశ్శాస్త్రజ్ఞుడు జేమ్స్ రీజన్ రక్షణోపాయములను రంధ్రములుగల పొరలతో పోల్చెను. పలకలకు పేరుపొందిన మార్కాపురమువారికి ఈ పోలికను బోధించుట కష్టము కాదు. ఒక పలకకు చిల్లియున్నను పైన వేరొక పలక కప్పియున్నంతవరకు వాననీరు లోనికి దిగదు. అన్ని పలకల చిల్లులును ఒకే వరుసకు వచ్చిననాడు ఇల్లు కురియును. కడపటి పలకను మాత్రము తిట్టి ప్రయోజనమేమి?

ఇప్పుడు మన నెమలిగుండ్లను చూతము. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి ఆ కొండల నడుమనే సాగివచ్చుచున్నది. పైకొండలలో కురిసిన వాన క్రింద ఎండకాయుచుండగనే నీటిని పెంచగలదు. ఒక బాలుడు గుండములో దిగి మునిగెననుకొందము. ఎగువ వాన సంగతి అటవీశాఖ కావలివానికి తెలియును. గుండపు లోతు, జారుడురాళ్లు ఉన్న తావులు చుట్టుపట్ల గ్రామములవారికి తెలియును. ఆనాటి జనసంఖ్య ఆలయమువారికి తెలియును. ఈతరానివాడెవడో తల్లిదండ్రులకు తెలియును. ఎన్ని గంటలకు తిరుగుప్రయాణమో ఆటోవానికి తెలియును. ప్రాణము నిలుపుటకు కావలసిన జ్ఞానమంతయు ఆ లోయలోనే కలదు. కాని అది యైదుచోట్ల చీలియున్నది. దానిని ఒకచోట చేర్చువాడు లేడు. ఆ బాలుని ముంచునది నీరు మాత్రమే కాదు, ఈ చీలికయు.

"అందరిదీ బాధ్యత యన్నచో ఎవరిదీ కాకుండ పోవును" అని కొంద రాక్షేపింతురు. ఆ భయము నిజమైనదే. అందుచేతనే బాధ్యతను గాలికి వదలక, పాళ్లువేసి, పేరుపెట్టి, వ్రాసి గోడకు తగిలింపవలెనని మేము చెప్పుచున్నాము. మరికొందరు "ఆ తావులను మూసివేయుడు" అందురు. ఉపాయము తోచనివారికి తాళమే ఉపాయము. మూసిన దారి ప్రక్కన జనులు దొంగదారి తీయుదురు. అచ్చట కావలియు నుండదు, త్రాడును ఉండదు.

చేయదగిన పనులు అసాధ్యములు కావు. యాత్రాస్థలమొక్కొక్కదానికి అటవీశాఖ, ఆలయము, పంచాయతి, పోలీసుశాఖ, గ్రామస్థులు కలిసిన చిన్న సంఘమొకటి యేర్పడవలెను. దానికి పేరెరిగిన పెద్ద యొక్కడు ఉండవలెను. గుండపు రాతిపై ఎఱ్ఱగీత గీయవలెను. నీరు గీత దాటినచో స్నానము నిలుపవలెను. ఈ యాజ్ఞ యిచ్చువాడు ఆనాటి రాబడిపై ఆధారపడినవాడు కారాదు. త్రాళ్లు, గాలినింపిన ట్యూబులు, ఈతవచ్చిన గ్రామయువకులు ఇద్దరు పర్వదినములలో సిద్ధముగ నుండవలెను. ఆ యువకులకు కూలి యీయవలెను. పాఠశాలలు, కళాశాలలు నీటియొడ్డునకు పిల్లలను తీసికొనిపోవునప్పుడు ఆ తావు నెరిగిన స్థానికు నొక్కనిని వెంట నుంచుకొనవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన దింకొకటి కలదు. మునిగినవారి లెక్క మనకు పత్రికలలో దొరకును. మునుగబోయి తప్పించుకొన్నవారి లెక్క ఎచ్చటను దొరకదు. జారినవాడు, త్రాడందుకొని బయటపడినవాడు, వరద చూచి వెనుకకు మరలిన బండి, ఇవియే రాబోవు ప్రమాదమునకు ముందుగా వచ్చు జాబులు. వానిని ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెను, వ్రాసినవానిని దండింపరాదు. న్యూజిలాండు దేశమున 2008 ఏప్రిలు 15న మంగటెపోపో కనుమలో వానకు హఠాత్తుగ పొంగిన యేటిలో ఆరుగురు విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు మరణించిరి. అట్టి మరణముల పిమ్మట 2011లో, సాహసవిహారములు నడుపు సంస్థలు భద్రతాపరీక్షకు లోబడవలెనని ఆ దేశము నిబంధనలు చేసినది. మనము మాత్రము మన గుండములలో శవములు తేలువరకు కాచియుండనేల?

ఈ వాక్యములను పఠనమందిరమున చదువుచున్న పాఠకమహాశయులలో పంచాయతి సభ్యులున్నారు, ఉపాధ్యాయులున్నారు, వర్తకులున్నారు, తండ్రులున్నారు. స్వరాజ్యమనగా మన తప్పులకు పరులను నిందింపజాలని స్థితి. 1947 పిమ్మట మన యేళ్లు మనవి, మన యడవులు మనవి, మన బిడ్డలు మనవారు. కార్తికమునకు ముందే ఒక సాయంకాలము పదిమంది కూడి, తమ యూరికి దగ్గరనున్న గుండపు గట్టుపై నిలిచి, ఎవరి పాలెంతయో నిర్ణయించుకొందురుగాక. ఆ పని జరిగిననాడు "నూకలు చెల్లినవి" అను మాటకు మన నోట చోటుండదు.