రెండు గ్రంథాలయాలు – ఒకే ద్వారం

ఒక సంస్థ పోర్టల్‌లోని విషయాన్ని మరొక సంస్థ పోర్టల్‌తో కలుపుట నేడు పరిపాటి అయినది. చేబ్రోలులోని మన కళాశాల గ్రంథాలయ సూచికను జాతీయ డిజిటల్ గ్రంథాలయంతో అనుసంధానించవలెనని మా అభిలాష. అయితే కలుపుటకు ముందు జరుగవలసిన పని ఒకటున్నది.

2018 జూన్ 19న జాతికి అంకితమై, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. నిర్వహణలో ఉన్న ఆ గ్రంథాలయం అందరి పుస్తకాలను తన ఇంటికి మోసుకొనిపోదు. గ్రంథం చాలవరకు మూలసంస్థ వద్దనే ఉండును. శీర్షిక, కర్త, భాష, సంవత్సరం మొదలైన వివరాల పట్టిక మాత్రమే అక్కడికి చేరును. పాఠకుడు అక్కడ వెదకి ఇక్కడ చదువుకొనును. కనుక పట్టికలో పేరు చెడినచో గ్రంథం ఉండియు లేనట్లే.

ఇది మా ఊహ కాదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కొరకు తెలుగు, ఉర్దూ గ్రంథాలను స్కాన్ చేసినపుడు అనేక శీర్షికలు ఆంగ్ల లిపిలో, తోచిన వర్ణక్రమంతో నమోదైనవి. ఆ గ్రంథాల ప్రతులు తరువాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరినవి. తప్పులును వెంట చేరినవి.

చేబ్రోలుతో చిరసంబంధం గల జాయప సేనాని రచన 'నృత్తరత్నావళి'నే చూడుడు. అందలి మొదటి అక్షరాన్ని ఆంగ్లంలో మూడు విధాల వ్రాయవచ్చును. చివరి 'ళి' కాస్తా 'లి' అగును. ఉర్దూకు మరొక చిక్కు. సే, సీన్, స్వాద్ అను మూడు వేరు అక్షరాలు ఒక్క 'ఎస్'లో కలిసిపోవును. కలిసిన వాటిని తిరిగి విడదీయుట యంత్రానికి సులభం కాదు. లిపి లేదను సాకు కూడ చెల్లదు. 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు, అరబ్బీ లిపికి స్థానం లభించినది.

కావున ముఖపత్రంపై ఉన్నది ఉన్నట్లు, ఆ భాష లిపిలోనే శీర్షికను ఎక్కించవలెను. రోమన్ రూపం దాని ప్రక్కన రెండవదిగా ఉండవచ్చును. ప్రతి గ్రంథానికి మారని సంఖ్య నొకదాని నీయవలెను. అట్లయిన మనం ఇక్కడ దిద్దినది అక్కడి పట్టికలో ఏ గ్రంథానికి చెందునో తెలియును. దీనికి కాలం పట్టునని, సిబ్బంది చాలరని పెద్దలు అనవచ్చును. నిజమే. కాని రెండు భాషల విద్యార్థులు ఉన్న కళాశాల ఈ పని చేయలేనిచో మరెవరు చేయగలరు? ఖరగ్‌పూర్‌లో కూర్చున్నవారు మన బీరువా తెరచి చూడలేరు గదా!

కమిటీ వారు అనుమతించినచో వేసవి సెలవులకు ముందే ఉర్దూ బీరువాతో ఆరంభింపవచ్చును. అందలి పాత పుస్తకాల ముఖపత్రాలు ఇప్పటికే పొడి రాలుచున్నవి.