ఎడ్ల జత ఎవరిది?

నేను టెక్సాస్‌లో ఉన్న రోజుల్లో మా టీములో ఒక తెల్లాయన ఉండేవాడు. ఇంటిల్లిపాదికీ గుర్రాల పిచ్చి. ఓ శనివారం భోజనానికి పిలిస్తే వెళ్ళాను. ఇల్లు చూపిస్తాడనుకుంటే ముందు గుర్రపుశాలకి తీసుకుపోయాడు. కూతురు స్వారీ చేస్తుంది, తండ్రి వారాంతాల్లో గుర్రాన్ని ట్రైలర్లో ఎక్కించుకుని పోటీలకి తిప్పుతాడు, తల్లి కుడుతుంది. జీను కింద వేసే మెత్తలు, చలికాలంలో కప్పే దుప్పట్లు, పిల్ల పోటీల్లో వేసుకునే చొక్కాలు, అన్నీ ఇంట్లో కుట్టినవే. ప్రతి మెత్త మూలనా ఎర్రదారంతో రెండక్షరాలు కుట్టి ఉన్నాయి. ఏ కంపెనీవని అడిగాను.

"కంపెనీ కాదు, మా ఆవిడ పేరు" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు దారంతా మా అమ్మ గుర్తొచ్చింది.

మాది తాడేపల్లి. మాకు గుర్రాల్లేవు, మావైపు పిచ్చంతా ఎడ్ల మీదే. గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. బండలాగుడు పోటీ అంటే, ఇంత బరువని లెక్కగట్టిన రాతిబండని ఒక ఎడ్ల జత ఇచ్చిన టైములో ఎంత దూరం లాగిందో అడుగుల్లో కొలుస్తారు. పళ్ళని బట్టి వయసు చూసి విభాగాలు చేస్తారు: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, అలా. మైకులో "ఫలానా గారి జత" అని అరుస్తుంటే చుట్టూ ఈలలు. ఆ ఫలానా గారిలో ఒకరు మా నాన్న.

ఒంగోలు జాతి గొప్పతనం ఎత్తితే మా నాన్న బ్రెజిల్ దాకా వెళ్ళి గానీ ఆగేవాడు కాదు. అందులో అతిశయోక్తి ఏమీ లేదు లెండి. మన పశువులు 19వ శతాబ్దంలోనే ఓడలెక్కి అక్కడికి చేరాయి. మన నెల్లూరు పేరు మీదే వాటిని 'నెలోర్' అంటారు. ఇవాళ బ్రెజిల్ మాంసం పరిశ్రమ నిలబడింది చాలావరకు ఆ జాతి మీదే. వియాటినా-19 అనే నెలోర్ ఆవుకి 2023లో మూడోవంతు వాటా వేలం వేస్తే, ఆ లెక్కన మొత్తం ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఆ వార్త వినడానికి మా నాన్న లేడు. ఉంటే ఊళ్ళో ఎవర్నీ నిద్రపోనిచ్చేవాడు కాదు.

సరే, అసలు సంగతికొస్తా. ఎద్దుని పోటీకి మేపడం మామూలు ఖర్చు కాదు. ఉలవలు, పత్తిగింజలు, తవుడు, మందులు, పోటీలకి తీసుకెళ్ళే లారీ కిరాయి. గెలిచిన డబ్బు దాణాకి చాలేది కాదు. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంటారే, మా ఎడ్లకి కళ్ళు భేషుగ్గా ఉన్నా సామెత మాత్రం సరిగ్గా సరిపోయేది.

వసారాలో అమ్మ తొక్కుడు మిషను ఉండేది. జాకెట్లు, లంగాలు, దిండు గలీబులు, చీరలకి ఫాల్సు. మిరపకోతలకి పోయొచ్చిన ఆడవాళ్ళ చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో రాత్రి పదకొండయినా మిషను ఆగేది కాదు. ఆ పని అయ్యాక ఎడ్ల పని. మెడకి మువ్వల పట్టెడలు, వీపు మీదకి బొంత. బొంతకి అడుగున మిరపటిక్కీల గోతాలు, మధ్యలో పాతచీరలు, పైన ముఖమలు. గోతాల్ని నాలుగైదుసార్లు ఉతికి ఎండేస్తే గానీ ఘాటు పోదు, లేకపోతే ఎద్దుకి ఒళ్ళు మంట. అంత మందం గుడ్డకి మిషన్లో 18 నంబరు సూది కూడా పుటుక్కుమనేది. అందుకని అంచులన్నీ దబ్బనంతో, చేత్తోనే కుట్టేది.

యంత్రాలంటే పడని గాంధీగారు 1924లో సింగర్ కుట్టుమిషనుకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే అవస్థ చూడలేక ప్రేమకొద్దీ సింగర్ దాన్ని కనిపెట్టాడని ఆయన నమ్మకం. 1851లో పేటెంటు తీసుకున్న సింగర్ నిజానికి అప్పటికే ఉన్న మిషన్లని బాగుచేసి అమ్ముకున్న వ్యాపారి. నాకిందులో ఆసక్తిగా తోచింది వేరే ఉంది. కుట్టుపని చేసే ఆవిడ గురించి కథ మొదలైనా, చివరికది మగాడి మంచితనం కథగా తేలుతుంది.

మా ఇంటి కథా అంతే. నాకు ఇంజనీరింగు సీటొచ్చిన ఏడు నాన్న ఎడ్లని అమ్మేశాడు. "ప్రాణం లాంటి జతనమ్మి పిల్లాణ్ణి చదివించాడు" అని మా చుట్టాలు ఇప్పటికీ చెప్తారు. నేనూ అదే నమ్మాను. కాలేజీలో, ఆఫీసులో, పెళ్ళిచూపుల్లో కూడా అదే చెప్పాను.

నాన్న పోయాక ట్రంకుపెట్టె సర్దుతుంటే అమ్మ లెక్కల పుస్తకం దొరికింది. ఎవరి జాకెట్టు, ఎంతిచ్చారు, ఎంత బాకీ, అన్నీ పెన్సిలుతో రాసి ఉన్నాయి. ఎడ్లమ్మిన నెలలో ఒక పెద్ద మొత్తం రాసి, కింద "గింజల కొట్టు బాకీ చెల్లు" అని ఉంది. దాదాపు మొత్తం దానికే పోయింది. ఆ తర్వాత నాలుగేళ్ళ పాటు, ఆరునెలలకోసారి, జాకెట్ల లెక్కల కిందే "అబ్బాయి ఫీజు" అని ఉంది.

ఆ పుస్తకం పట్టుకుని అమ్మ దగ్గర కూర్చున్నాను. "నాన్న పిచ్చికి నీ నడుం విరగ్గొట్టుకున్నావు కదమ్మా" అన్నాను, ఏదో గొప్ప న్యాయం చేస్తున్నట్టు.

అమ్మకి కోపం వచ్చింది. "పిచ్చి మీ నాన్న ఒక్కడికేనని ఎవరు చెప్పార్రా నీకు? ఆ ఎర్రముఖమలు బొంత కుట్టమని నన్నెవరన్నా అడిగారా? చిన్నగిత్తకి మెడ సన్నం, పట్టెడ జారిపోతుంటే మూడుసార్లు విప్పి కుట్టా. దాని మెడ కొలత మీ నాన్నకి తెలుసేమో అడగాల్సింది."

నేను దాన్ని త్యాగం అనుకున్నాను. ఆవిడకది సరదా. మనవాళ్ళం అమ్మల విషయంలో రెండుసార్లు తప్పు చేస్తున్నామనిపిస్తోంది. మొదట వాళ్ళ పనిని లెక్కలో రాయం. తర్వాత ఎప్పుడో కళ్ళు తెరుచుకుని, దానికి త్యాగం అని పేరెట్టి దండం పెడతాం. త్యాగం అనేశాక ఇంక వాళ్ళకేం ఇష్టమో అడిగే అవసరం ఉండదు చూశారూ! ఎడ్లంటే పడిచచ్చే మనిషి అని నాన్నని అందరూ అన్నారు. అమ్మని ఒక్కరూ అనలేదు.

మన ఉద్యోగాల్లో దీనికి పోలిక వెతుక్కోనక్కర్లేదు. డెమో ఇచ్చినవాడి పేరు అందరికీ తెలుసు. పదేళ్ళుగా పడిపోకుండా నడుస్తున్న మాడ్యూల్ ఎవరు రాశారో, అది పడిపోయిన రోజున వెతుకుతాం. కాకపోతే అక్కడ కనీసం కమిట్ లాగ్‌లో పేరుంటుంది. వసారాలో మిషనుకి ఆ లాగ్ కూడా లేదు, మా అమ్మ తనకి తాను రాసుకుంది గనక సరిపోయింది.

ఆవిడకి వ్యవసాయం మీదా లెక్కల మీదా పశువుల మీదా ఉన్న అభిప్రాయాలు నేను నలభై దాటాక వింటున్నాను. మీకు ఇంకా టైముంటే ముందే వినండి. "కష్టపడ్డావా" అని కాకుండా "అందులో నీకేం నచ్చేది" అని అడగండి, జవాబు వేరే వస్తుంది.

ఆ రోజు చివర్లో ఇంకోటి కూడా అడిగాను. మైకులో నాన్న పేరు చదువుతుంటే నీ పేరు కూడా చెప్తే బాగుండునని ఎప్పుడన్నా అనిపించిందా అని.

"అనిపించదూ?" అంది, సూదిలో దారం ఎక్కిస్తూ.