మనసు వాకిట కాపలా

ఆలోచనలను కాపాడుకోవాలి అనగానే ప్రార్థన కూటాల్లో మనకు చెప్పేది సినిమాలు, సెల్‌ఫోన్, ఆకర్షణల గురించే. చెప్పనివ్వండి. కానీ హాస్టల్ పిల్లల మనసులో అంతకంటే ముందే జొరబడేది ఇంకొకటుంది. “మన బతుకులింతే, పి.జి.లు మనలాంటి వాళ్ళకా?” అన్న ఆలోచన. ఇంట్లో తొలిసారి డిగ్రీ చదివిన మమ్మల్ని కాకతీయ యూనివర్సిటీ గేటు ముందు ఆపబోయింది అదే. అది మనలో పుట్టింది కాదు, ఊరు మన తాతలకు నేర్పింది.

పౌలు బంధకాల్లో ఉండి ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయం 8వ వచనంలో ధ్యానించవలసిన వాటిని వరుసగా చెప్పాడు. అందులో పవిత్రత నాలుగోది. న్యాయం మూడోది. అన్నిటికంటే ముందున్నది సత్యం! కనుక వచ్చిన ప్రతి ఆలోచననూ ముందు “నువ్వు నిజమా?” అని అడగాలి. బైబిలు చదవని తమ్ముళ్ళకూ ఈ ప్రశ్న పనికొస్తుంది.

1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువా గారు కులం పేరుతో ఎన్నో అవమానాలు పడ్డారు. తాను తక్కువన్న అబద్ధాన్ని నమ్మి ఉంటే 1941లో ‘గబ్బిలం’ వచ్చేదా? ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దక్కేదా?

పప్పు నీళ్ళలా ఉన్నా తలవంచుకుని తినడమే భక్తి అని, కోపం వస్తే పాపమని కొందరంటారు. మేము ఒప్పుకోము. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 4:26 కోపమే రాకూడదనలేదు. కోపంలో పాపం చేయవద్దని, పొద్దుగూకే దాకా దాన్ని ఉంచుకోవద్దని చెప్పింది. అంటే ఆ సాయంత్రమే నలుగురం కూర్చుని వార్డెన్ సారుకు దరఖాస్తు రాసివ్వాలి. లేదంటే తెల్లారేసరికి ఆ కోపమంతా పక్క చాప మీది తమ్ముడి మీద పడుతుంది.