ఒక్క నిమిషము ఆగుడు



వచ్చిన అతిథిని వసారాలో కూర్చుండబెట్టి, మారుపలుకక లోనికి బోయిన గృహిణిని మనము మెచ్చము. "వంట కావచ్చినది, ఒక్క నిమిష"మనిన చాలును, అతిథి నెమ్మదిగా నుండును. వెబ్‌సైటులకును ఈ మర్యాద వలయును.

మొన్న పిల్లవాని బడి రుసుము కట్టుటకై సెల్‌ఫోనులో మీట నొక్కితిని. తెర కదలలేదు. సరిగా నొక్కలేదేమోయని మరల నొక్కితిని. రుసుము రెండుమార్లు పోయినది! అది తిరిగి వచ్చుటకు పది దినములు పట్టినది. "సొమ్ము చేరుచున్నది, ఆగుడు" అను మాటయు, తిరుగు చక్రమును తెరపై గనబడి, మీట రెండవమారు నొక్కుటకు వీలులేక యుండినచో నాకీ చిక్కు రాకుండెడిది.

కంప్యూటర్ల వాడుకను పరిశీలించిన జేకబ్ నీల్సన్ 1993లో చెప్పిన లెక్క యిది: ఆలస్యము 1 సెకను మించనిచో మన తలపు తెగదు, 10 సెకనులు దాటెనా, మనస్సు వేరుపనికి బోవును. అంతకు మించిన పనికి, ఎంత భాగము ముగిసినదో చూపుచుండవలెను.

అట్టి తెర లేనిచోట మనమే జాగ్రత్తపడవలెను. మరల నొక్కక, ముందుగా బ్యాంకు ఖాతా చూచుకొనుడు. వెబ్‌సైటులు తయారుచేయు బిడ్డలు మీ యింట నున్నచో, ఈ మాట వారి చెవిని వేయుడు.